యంత్రానికి టవర్ ల్యాంప్ ఎంచుకోవడం ఎలా: డెల్టాలోని మిల్లులు, రొయ్యల ప్లాంట్లు, చెరువుల కోసం

తాడేపల్లిగూడెం, తణుకు, మండపేట వైపు రైస్ మిల్లుల వారు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్ల వారు, చెరువుల మీద ఏరేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) నడిపే రైతులు పదే పదే అడిగే ప్రశ్న ఒక్కటే: "మా మెషిన్‌కు టవర్ ల్యాంప్ పెట్టాలనుకుంటున్నాం, ఎన్ని రంగులది కొనాలి, ఏ కంపెనీది కొనాలి?" టవర్ ల్యాంప్ అంటే యంత్రం పరిస్థితిని దూరానికి చూపించేలా ఒకదానిమీద ఒకటి పేర్చిన రంగు దీపాల స్తంభం. ఈ రెండు ప్రశ్నలూ అడగవలసినవే గానీ, అన్నిటికన్నా చివర అడగవలసినవి. ఆ ల్యాంపును ఎవరు చూడాలి, ఎక్కడ నిలబడి చూడాలి, చూసి ఏం చేయాలి అన్న మూడింటికి జవాబు దొరికితే రంగులు, సైజు, హూటర్ (మోత మోగించే భాగం), ధర వాటంతట అవే తేలిపోతాయి. జవాబు దొరక్కుండా కొన్న ల్యాంపు కొన్నాళ్లు అందంగా వెలుగుతుంది, ఆ తరువాత దానివంక ఎవరూ చూడరు.

ముందే ఒక హెచ్చరిక. టవర్ ల్యాంపు సమాచారం చెప్పే పరికరమే తప్ప ప్రాణరక్షణ పరికరం కాదు. ఆకుపచ్చ ఆరిపోయింది కదా అని ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్ బూట్‌లో (అడుగు భాగంలో) చెయ్యి పెట్టకూడదు. మెయిన్ స్విచ్ దించి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్న తరువాతే పెట్టాలి. ఎమర్జెన్సీ స్టాప్‌కు, గార్డులకు ల్యాంపు ఎన్నడూ ప్రత్యామ్నాయం కాదు.

దగ్గర ఉంచుకోవలసినవి

- యంత్రం ప్యానల్ వైరింగ్ డ్రాయింగ్. పాత మిల్లుల్లో ఇది సాధారణంగా దొరకదు. దొరకకపోతే మీ ఎలక్ట్రీషియన్ చేత కాంటాక్టర్లు (మోటారుకు కరెంటు కలిపే స్విచ్‌లు), ఓవర్‌లోడ్ రిలేలు (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేవి), టెర్మినల్ నంబర్లు ఉండేలా ఒక కాగితం మీద గీయించుకోండి.
- మల్టీమీటర్, టేపు, షెడ్డు కొలతలతో ఒక చిత్తు ప్లాను.
- శబ్దం కొలిచే ఫోన్ యాప్. దాని లెక్క కచ్చితంగా ఉండదు గానీ, 75 డెసిబెల్స్‌కూ 95 డెసిబెల్స్‌కూ తేడా చెప్పగలదు, మన అవసరానికి అది చాలు.
- ఆ యంత్రం నడిపే మనిషి సమయం ఒక గంట. మేనేజరు సమయం దీనికి సరిపోదు.

1. ఎవరు, ఎక్కడి నుంచి, ఏం చేయాలి

కాగితం మీద మూడు గళ్లు గీసి, మొదటి గడిలో యంత్రానికి వచ్చే పరిస్థితి, రెండో గడిలో అది తెలియవలసిన మనిషి, మూడో గడిలో తెలిసిన వెంటనే అతను చేయవలసిన పని రాయండి. రైస్ మిల్లులో రంగు మారిన గింజలను గాలితో ఏరే సోర్టెక్స్ మెషిన్‌నే తీసుకుంటే, గాలి ఒత్తిడి తగ్గిందన్నది పరిస్థితి, కంప్రెసర్ దగ్గరి మనిషి తెలుసుకోవలసినవాడు, కంప్రెసర్ చూసి ఫిల్టర్‌లో నీరు వదలడం పని. మూడో గడిలో రాయడానికి పని ఏదీ లేకపోతే ఆ పరిస్థితికి ల్యాంపు అవసరం లేదు. ఈ ఒక్క నియమంతోనే అయిదు రంగుల కోరిక చాలా చోట్ల మూడుకు దిగుతుంది.

ఒక్కొక్కసారి అసలు టవర్ ల్యాంపే అవసరం లేదని తేలుతుంది. ఆపరేటరు ఎప్పుడూ ప్యానల్ ఎదుటే కూర్చునేచోట ప్యానల్ తలుపు మీది రెండు ఇండికేటర్లే సరిపోతాయి. టవర్ ల్యాంపు విలువ ఒక మనిషి నాలుగైదు యంత్రాలు చూసుకునేచోట, లేదా చూడవలసినవాడు యంత్రానికి దూరంగా ఉండేచోట తెలుస్తుంది.

2. రంగులు, వరుస

రంగుల అర్థాలు మీ ఇష్టానికి నిర్ణయించుకోవద్దు. యంత్రాల విద్యుత్ పరికరాలకు సంబంధించిన ఐఈసీ 60204-1 అంతర్జాతీయ ప్రమాణం వీటిని ముందే నిర్ణయించింది.

- ఎరుపు: ప్రమాదం, వెంటనే చర్య తీసుకోవాలి.
- పసుపు: మామూలు కానిది ఏదో జరుగుతోంది, చూసి సరిచేయాలి.
- నీలం: ఆపరేటరు తప్పనిసరిగా ఒక పని చేయాలి.
- ఆకుపచ్చ: అంతా సవ్యంగా నడుస్తోంది.
- తెలుపు: ప్రత్యేకమైన అర్థం లేదు, పవర్ ఉందని చెప్పడం వంటివాటికి వాడుకోవచ్చు.

పైనుంచి కిందికి వరుస కూడా ఇదే. అన్ని రంగులూ ఉండనక్కర్లేదు, ఉన్నవి మాత్రం ఇదే క్రమంలో ఉండాలి. వరుసను పట్టించుకోకపోవడం చిన్న తప్పుగా కనిపిస్తుంది గానీ, ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా పోల్చుకోలేని మగవాళ్లు మనం అనుకునేంత అరుదు కాదు. వాళ్లు రంగును కాకుండా స్థానాన్ని చూసి చదువుతారు. ఒకే షెడ్డులో ఒక యంత్రానికి ఎరుపు పైన, మరొకదానికి కింద ఉంటే వాళ్లకు రెండూ పనికిరావు. ఒకే గాజులో ఏడు రంగులూ మారే కొత్త రకం ల్యాంపులు చూడడానికి ముచ్చటగా ఉన్నా, స్థానం అనే ఆధారం వాటిలో ఉండదు కాబట్టి అందరూ చూసే చోట వాటిని నేను సిఫారసు చేయను.

ఎరుపును అపురూపంగా వాడండి. గోనెసంచి అయిపోయినందుకు, హాపర్ ఖాళీ అయినందుకు ఎరుపు వెలిగిస్తే, మోటారు కాలుతున్నప్పుడు వెలిగించడానికి మీ దగ్గర రంగు మిగలదు. సంచి మార్చడానికి నీలం, హాపర్‌లో సరుకు తగ్గుతుంటే పసుపు పెట్టుకోండి.

3. సంకేతాన్ని ఎక్కడి నుంచి తీసుకోవాలి

ల్యాంపు ఎంత మంచిదైనా, దానికి వచ్చే సంకేతం అబద్ధమైతే అది అబద్ధాన్నే దూరానికి చూపిస్తుంది. మన దగ్గర చూసే ల్యాంపుల్లో సగం లోపాలు ల్యాంపులో కాక ఇక్కడే ఉంటాయి కనుక ఈ మెట్టు మీద తీరిగ్గా నిలబడండి.

సర్వసాధారణమైన తప్పు, ఆకుపచ్చ ల్యాంపును కాంటాక్టర్ ఆగ్జిలరీ కాంటాక్ట్‌కు (సంకేతం కోసం దానితో పాటు ఉండే చిన్న స్విచ్‌కు) కలిపి "మెషిన్ నడుస్తోంది" అనుకోవడం. కాంటాక్టర్ మూసుకుందని మాత్రమే ఆ కాంటాక్ట్ చెబుతుంది. బకెట్ ఎలివేటర్‌లో బెల్టు జారిపోయి, మోటారు మాత్రం తిరుగుతూ, కింద బూట్‌లో ధాన్యం పేరుకుపోతుంటే కూడా ఆకుపచ్చ హాయిగా వెలుగుతూనే ఉంటుంది. ఎలివేటర్‌కు సంకేతం మోటారు దగ్గర కాదు, బెల్టు తిప్పుకొనే కింది పుల్లీ షాఫ్టు దగ్గర తీసుకోవాలి: షాఫ్టు మీద ఒక బోల్టు తల, దానికి ఎదురుగా తాకకుండానే లోహాన్ని పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్, వేగం తగ్గితే మారే స్పీడ్ రిలే. ఆ రిలే మారినప్పుడు పసుపు కాదు, ఎరుపు వెలగాలి, ఎలివేటర్‌కు సరుకు పోసే యంత్రం కూడా ఆగాలి.

చెరువు గట్టు మీది ఏరేటర్ ప్యానల్‌కూ ఇదే వర్తిస్తుంది. మోటారుకు వెళ్లే కేబుల్ తెగినా, గేర్‌బాక్స్‌కూ ప్యాడిల్స్‌కూ మధ్య షాఫ్టు ఊడినా కాంటాక్టర్ మాత్రం మూసుకునే ఉంటుంది. ఇక్కడ కరెంట్ సెన్సింగ్ రిలే పెట్టి, మోటారు లాగే ఆంపియర్లు మామూలు స్థాయికన్నా పడిపోతే సంకేతం ఇచ్చేలా సెట్ చేయాలి. షాఫ్టు ఊడిన మోటారు ఖాళీగా తిరుగుతుంది కాబట్టి కరెంటు తగ్గుతుంది. అన్ని ఏరేటర్లకూ విడివిడిగా పెట్టడం ఖర్చనుకుంటే, చెరువులో ఆక్సిజన్ అడుగంటే తెల్లవారుజాము వేళ తప్పనిసరిగా నడవవలసిన వాటికైనా పెట్టండి.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం. కరెంటు పోయిందని చెప్పవలసిన ల్యాంపును ఆ కరెంటుతోనే వెలిగించడం. లైను పోగానే అలారం కూడా పోతుంది, గట్టు మీద పాకలో కాపలా మనిషి నిశ్చింతగా నిద్రపోతాడు. దీనికి 12 వోల్టుల బ్యాటరీ, చార్జరు, 12 వోల్టుల ఎర్ర ల్యాంపు, హూటర్ వేరుగా ఉండాలి. మూడు ఫేజులనూ గమనించే ఫేజ్ ఫెయిల్యూర్ రిలేను లైనుకు పెట్టి, అది పడిపోయినప్పుడు మూసుకునే కాంటాక్ట్ ద్వారా బ్యాటరీని ల్యాంపుకు ఇవ్వండి. ల్యాంపు, హూటర్ కలిసి 0.5 ఆంపియర్ తీసుకుంటాయనుకుంటే 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద 14 గంటలు వస్తుంది; పాతబడిన బ్యాటరీతో అందులో సగం వస్తే మీ అదృష్టం.

మూడో విషయం, లోపం సంకేతాన్ని ఏ దిక్కున కలపాలి అన్నది. సెన్సర్ తీగ తెగిపోయినా అలారం రావాలంటే, అంతా సవ్యంగా ఉన్నప్పుడు సంకేతం ఉండేలా, లోపం వచ్చినప్పుడు పోయేలా కలపాలి. ఎలుకలు తీగలు కొరికే ధాన్యం గోదాముల్లో ఇది పుస్తకంలో మాట కాదు, వారం వారం ఎదురయ్యే సంగతి.

4. వోల్టేజీ, అవుట్‌పుట్ రకం

ల్యాంపులు ఎక్కువగా 24 వోల్టులు, 110 వోల్టుల ఏసీ, 230 వోల్టుల ఏసీ రకాల్లో దొరుకుతాయి. అవకాశం ఉన్న ప్రతిచోటా 24 వోల్టుల డీసీ తీసుకోండి. నీళ్లు చల్లే చోట, తడి చేతులతో తాకే చోట ఇక వేరే ఆలోచన వద్దు. తీగ పొడవైతే వోల్టేజీ పడిపోతుందేమోనన్న భయం ఎల్‌ఈడీ ల్యాంపుల విషయంలో అనవసరం: 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 25 ఓంలు, 50 మీటర్ల దూరానికి రానూ పోనూ 100 మీటర్లకు 2.5 ఓంలు, మొత్తం ల్యాంపు 0.3 ఆంపియర్ లాగినా పడిపోయేది 0.75 వోల్టు మాత్రమే.

230 వోల్టుల ఎల్‌ఈడీ ల్యాంపును దూరంగా పెట్టినవారి నుంచి తరచుగా వచ్చే ఫిర్యాదు, "ఆపినా సన్నగా వెలుగుతూనే ఉంది" అన్నది. పవర్ కేబుళ్ల పక్కనే అదే ట్రేలో వెళ్లే సిగ్నల్ తీగలో పుట్టే వోల్టేజీ, లేదా సాలిడ్ స్టేట్ అవుట్‌పుట్ (కదిలే కాంటాక్ట్ లేని ఎలక్ట్రానిక్ స్విచ్) నుంచి కారే కొద్దిపాటి కరెంటు దీనికి కారణం. ఎల్‌ఈడీ వెలగడానికి అంత స్వల్ప కరెంటే చాలు. ల్యాంపు ఆపి ఆ తీగ మీద మల్టీమీటర్ పెడితే పదుల వోల్టులు చూపించవచ్చు. అవుట్‌పుట్‌కూ ల్యాంపుకూ మధ్య ల్యాంపు దగ్గర్లోనే ఒక చిన్న రిలే పెట్టడం, లేదా 24 వోల్టుల డీసీకి మారడం దీనికి మందు. ల్యాంపు మార్చి లాభం లేదు.

పీఎల్‌సీ (యంత్రాన్ని ప్రోగ్రాము ప్రకారం నడిపే చిన్న కంప్యూటరు) ఉంటే దాని అవుట్‌పుట్ ప్లస్ ఇచ్చే పీఎన్‌పీ రకమా, మైనస్‌కు కలిపే ఎన్‌పీఎన్ రకమా చూసి, ల్యాంపు కామన్ దానికి సరిపోతుందో లేదో కొనకముందే అడగండి. రెండు పద్ధతులకూ సరిపోయే ల్యాంపులు దొరుకుతాయి. పీఎల్‌సీది రిలే అవుట్‌పుట్ అయితే ప్రోగ్రాములో మినుకుమినుకు పెట్టవద్దు: సెకనుకు ఒకసారి చొప్పున రోజంతా మినుకుమంటే ఆ రిలే 86,400 సార్లు కొట్టుకుంటుంది, ఎంత మంచి రిలే అయినా త్వరలోనే చేతులెత్తేస్తుంది. ఫ్లాషింగ్ సౌకర్యం లోపలే ఉన్న ల్యాంపు తీసుకుని దానికి నిలకడ సంకేతం ఇవ్వండి. ఫ్లాషింగ్ ల్యాంపుకే మళ్లీ ప్రోగ్రాములో ఫ్లాషింగ్ పెడితే రెండూ కలిసి అడ్డదిడ్డంగా వెలుగుతాయి. ఇలా కలిపిన ల్యాంపును "డిఫెక్ట్" అని దుకాణానికి తిప్పి పంపడం మామూలే.

5. నీరు, ధూళి, ఉప్పుగాలి, అమ్మోనియా

డెల్టాలో ల్యాంపు ఆయుష్షును నిర్ణయించేది ఈ నాలుగే. డబ్బా మీద రాసే ఐపీ సంఖ్యలో మొదటి అంకె ధూళికి, రెండో అంకె నీటికి సంబంధించినది. మొదటి అంకె 6 అయితే ధూళి బొత్తిగా చొరబడదు, 5 అయితే కొద్దిగా చొరబడినా పనికి అడ్డు రాదు. రెండో అంకె 4 అయితే చిందే నీటికి, 5 అయితే పైపుతో కొట్టే నీటికి, 6 అయితే గట్టిగా కొట్టే నీటికి తట్టుకుంటుంది. 7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా లోపలికి నీరు చేరదు.

రైస్ మిల్లులో ఐపీ54 సరిపోతుందని అమ్మకందారు చెబుతారు. ప్యాకింగ్ గదిలో సరిపోవచ్చు. పాలిషర్ దగ్గర మాత్రం తవుడు ధూళిలో నూనె ఉంటుంది కాబట్టి అది మామూలు దుమ్ములా ఊదితే పోదు, గాజు మీద జిడ్డు పొరలా పట్టి, సందుల్లో ముద్ద కడుతుంది. అక్కడ ఐపీ65కు తగ్గవద్దు. పచ్చిధాన్యం ఉడకబెట్టే చోట ఆవిరి, డ్రైయర్ పక్కన వేడి ఉంటాయి. ల్యాంపు ఎన్ని డిగ్రీల వరకు పనిచేస్తుందో రాసి ఉన్నది చూసి, డ్రైయర్ గోడకు ఆనించకుండా దూరంగా పెట్టండి.

రొయ్యల ప్రాసెసింగ్ హాల్లో షిఫ్టు అయ్యాక క్లోరిన్ నీళ్లతో కడుగుతారు, పైపు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఇష్టం, నీళ్లు ల్యాంపు మీద కూడా పడతాయి. అక్కడ ఐపీ66 లేదా 67 తీసుకోండి. అంతకన్నా ముఖ్యంగా గమనించవలసినది, హూటర్ ఉన్న ల్యాంపుల్లో శబ్దం బయటికి రావడానికి రంధ్రాలు ఉంటాయి కాబట్టి రంగుల భాగానికి ఐపీ65 ఉండి హూటర్ భాగానికి ఐపీ54 మాత్రమే ఉండడం సాధారణం. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే సంఖ్య రంగుల భాగానిదై ఉండవచ్చు. డేటాషీటు అడిగి మొత్తం ల్యాంపుకు ఎంతో చూడండి. పైగా ఆ సంఖ్య నిలువుగా బిగించినప్పటిది. అడ్డంగానో తలకిందులుగానో బిగిస్తే అది చెల్లకపోవచ్చు.

ఐస్ ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో ఇంకొకటి ఉంది. చాలా ల్యాంపుల గాజు నిజానికి గాజు కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. అమ్మోనియా తగిలితే అది క్రమంగా మసకబారి, సన్నటి పగుళ్లు తేలి, ఆఖరికి చేతిలో పొడిపొడి అవుతుంది. అమ్మోనియా రాగికీ ఇత్తడికీ కూడా శత్రువే కనుక టెర్మినళ్లు పచ్చబారుతాయి. కంప్రెసర్ గదికి ల్యాంపు కావాలంటే దాన్ని గది తలుపు బయట, గాలి ఆడే చోట పెట్టండి. లోపలే పెట్టక తప్పకపోతే అసలు గాజు కవరు ఉన్నదైనా, అమ్మోనియాకు తట్టుకుంటుందని తయారీదారు రాసి ఇచ్చినదైనా తీసుకోండి.

నరసాపురం, అంతర్వేది, కాకినాడ వైపు సముద్రపు గాలి తగిలే చోట ఇనుప స్తంభానికి వేసిన పూత ఎక్కువ కాలం నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీలు స్తంభం అడగండి. 304 రకం కన్నా 316 రకం ఉప్పుగాలికి మెరుగు. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్ అయితేనే ఈ జాగ్రత్తకు అర్థముంటుంది.

ఇక్కడ గట్టి హెచ్చరిక ఒకటి. తవుడు నూనె తీసే సాల్వెంట్ ప్లాంట్లలో హెక్సేన్ ఆవిరి ఉండే ప్రాంతంలో మామూలు టవర్ ల్యాంపు, అది ఎంత ఐపీ సంఖ్యదైనా సరే, పెట్టకూడదు. నీరు చొరబడని ల్యాంపు వేరు, నిప్పురవ్వ బయటికి పోని ఫ్లేమ్‌ప్రూఫ్ ల్యాంపు వేరు. మేతల మిల్లుల్లో గాలిలో పిండి ధూళి దట్టంగా తేలే చోట్లకూ ధూళి పేలుడుకు సంబంధించిన ధ్రువీకరణ ఉన్న పరికరాలే కావాలి. ఈ రెండు చోట్లా ఎంపికను మీ ప్లాంటు సేఫ్టీ ఇంజనీరుకు వదిలేయండి, దుకాణంలో తేల్చుకోవద్దు.

6. సైజు, వెలుగు, చోటు

షెడ్డు లోపల పది మీటర్ల వరకు 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ల్యాంపు, అంతకుమించితే 70 మిల్లీమీటర్లది తీసుకోవడం నేను పాటించే లెక్క. అది ప్రమాణం కాదు, అంచనా మాత్రమే. వీలైతే ఒక ల్యాంపు తెచ్చి, కర్రకు కట్టి, వెలిగించి, చూడవలసిన మనిషి నిలబడే చోటు నుంచి చూశాకే మిగతావి కొనండి.

ఆరుబయట పెట్టేవాటికి, పడమటి కిటికీ ఎదురుగా ఉండేవాటికి రంగు గాజు బదులు తెల్లటి గాజు లోపల రంగు ఎల్‌ఈడీ ఉన్న రకం మేలు. రంగు గాజు మీద సూర్యకాంతి పడితే ఆరి ఉన్న ఎరుపు కూడా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం చెరువు గట్టు మీద నిలబడి చూస్తే ఈ తేడా ఎవరికైనా అర్థమవుతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు ఖాళీ షెడ్డును చూసి మోసపోవద్దు. సార్వా కోతలయ్యాక, దాళ్వా ధాన్యం దిగాక బస్తాల నెట్లు తల ఎత్తుకు మించి లేస్తాయి. ఆషాఢంలో ఎదురుగా కనిపించిన ల్యాంపు సంక్రాంతినాటికి బస్తాల వెనక్కి పోతుంది. నెట్టు గరిష్ఠంగా ఎంత ఎత్తు వేస్తారో హమాలీ మేస్త్రీని అడిగి, దానికి పైన ల్యాంపు కింది అంచు ఉండేలా స్తంభం పొడవు నిర్ణయించండి. జల్లెడ, రాళ్లు తీసే యంత్రం వంటి అదిరే వాటి చట్రం మీద ల్యాంపు బిగించవద్దు. పక్క గోడకో, ప్యానల్ పైనో బిగించి తీగ తెచ్చుకోండి.

7. హూటర్ కావాలా

టవర్ ల్యాంపులతో వచ్చే హూటర్లు సాధారణంగా మీటరు దూరంలో 80 నుంచి 85 డెసిబెల్స్ ఇస్తాయి. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది: 85 ఉన్నది 2 మీటర్లకు 79, 4 మీటర్లకు 73, 8 మీటర్లకు 67. ప్రమాద సంకేతాలకు ఐఎస్ఓ 7731 ప్రమాణం చెప్పేది, వినేవాడి చెవి దగ్గర సంకేతం పరిసరాల రొదకన్నా కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని. మిల్లు నడుస్తుండగా యాప్ 90 చూపిస్తే, ఆ హూటర్ ఉన్నా లేనట్టే. అలాంటి చోట హూటర్‌ను యంత్రం దగ్గర కాక, మనిషి ఉండే ప్రశాంతమైన గదిలోనో వరండాలోనో వేరుగా పెట్టండి. యంత్రం దగ్గర మినుకుమనే వెలుగు మీదే ఆధారపడండి. మోత ఆపే బటన్ కూడా తప్పక పెట్టండి. అది లేకపోతే రెండో రోజుకే ఎవరో ఒకరు హూటర్ తీగ పీకేస్తారు. బటన్ నొక్కితే మోత మాత్రమే ఆగాలి, లోపం తీరేదాకా ఎరుపు ఆరకూడదు.

8. బిగించడం

1. మెయిన్ దించి, తాళం వేసి, మల్టీమీటర్‌తో కరెంటు లేదని నిర్ధారించుకోండి.
2. స్తంభం బోలుగా ఉంటుంది కాబట్టి పైన చేరిన నీరు దాని గుండా నేరుగా ప్యానల్‌లోకి దిగుతుంది. అడుగున రబ్బరు గాస్కెట్ సరిగా కూర్చోబెట్టి, తీగలు దిగే చోట సీలెంట్ పెట్టండి. ఆరుబయట అయితే పైనుంచి కాక పక్కనుంచి గ్లాండ్ (తీగ చుట్టూ బిగుసుకునే బిరడా) ద్వారా, తీగను కిందికి ఒక వంపు తిప్పి లోపలికి తీసుకోండి.
3. ప్రతి తీగకూ ఫెర్రూల్ నంబరు (తీగ చివర తొడిగే నంబరు ముక్క) వేయండి. ల్యాంపులోంచి వచ్చే తీగల రంగు, అది వెలిగించే వెలుగు రంగు ఒకటే అన్న నమ్మకం పెట్టుకోవద్దు, డేటాషీటు చూడండి.
4. 24 వోల్టుల తీగలను మోటారు కేబుళ్లతో, ముఖ్యంగా మోటారు వేగం మార్చే డ్రైవ్ నుంచి వెళ్లే కేబుళ్లతో ఒకే పైపులో వేయవద్దు.
5. ల్యాంపుల లైనుకు విడిగా చిన్న ఫ్యూజ్ పెట్టండి. ల్యాంపులో షార్టయితే మొత్తం కంట్రోల్ సప్లై పోకూడదు.
6. అన్నీ ఒకేసారి వెలిగించి చూసే ల్యాంప్ టెస్ట్ బటన్ ఒకటి అదే ప్యానల్ మీద ఏర్పాటు చేయండి.

9. సరిచూసుకోవడం

ల్యాంప్ టెస్ట్ బటన్ నొక్కితే అన్నీ వెలిగాయి కదా అని పని అయిపోయిందనుకోవద్దు. అది ల్యాంపు బాగుందని చెబుతుంది, సంకేతం సరైనదని చెప్పదు. అసలు లోపాన్ని కల్పించి చూడాలి.

ఓవర్‌లోడ్ రిలే మీద టెస్ట్ మీట ఉంటుంది. దాన్ని నొక్కితే కాంటాక్టర్ పడిపోయి ఎరుపు వెలగాలి. మెయిన్ దించి, ఒక ఫేజ్ ఫ్యూజ్ తీసి, మళ్లీ ఎక్కిస్తే ఫేజ్ ఫెయిల్యూర్ అలారం రావాలి. అలాగే మెయిన్ దించి సెన్సర్ తీగను టెర్మినల్ దగ్గర ఊడదీసి ఎక్కిస్తే అలారం రావాలి. రాకపోతే మూడో మెట్టులో చెప్పిన దిక్కు తప్పిందన్నమాట. చెరువు మీద అయితే మెయిన్ దించేసి, బ్యాటరీ మీద ల్యాంపు, హూటర్ ఎంతసేపు నడుస్తాయో గడియారం పెట్టుకుని చూడండి. అది నడుస్తున్నంతసేపూ గట్టు మీద ఎవరో ఒకరు ఉండాలి, చెరువుకు జనరేటరు సిద్ధంగా ఉండాలి.

తరువాత మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి, చూడవలసిన మనిషి నిలబడే చోట నిలబడి చూడండి. రాత్రిపూట మరీ ప్రకాశవంతమైన ల్యాంపు కళ్లలో కొట్టి మిగతా రంగులను కప్పేస్తుందేమో గమనించండి. ల్యాంపు ఆరి ఉన్నప్పుడు నిజంగా ఆరినట్టు కనిపిస్తోందా అన్నది వెలిగినప్పుడు కనిపిస్తోందా అన్నంత ముఖ్యం.

అన్నిటికన్నా పనికొచ్చే పరీక్షకు పరికరం అక్కర్లేదు. ఆపరేటరుకు ముందు చెప్పకుండా పసుపు వెలిగించి, "ఇప్పుడు ఏం చేస్తావు?" అని అడగండి. "సారుకు ఫోన్ చేస్తానండి" అన్న జవాబు వస్తే మొదటి మెట్టులోని మూడో గడిని మళ్లీ రాయండి. అది రాసిన కాగితాన్ని, రంగుకు ఎదురుగా పని ఉండేలా, లామినేట్ చేయించి ప్యానల్ తలుపుకు అతికించండి.

నెల గడిచాక ఏ రంగు ఎంతసేపు వెలిగి ఉంటోందో ఆపరేటర్లను అడగండి. పసుపు రోజులో ఎక్కువ భాగం వెలిగే ఉంటోందంటే సెట్టింగు తప్పైనా అయి ఉండాలి, యంత్రానికి నిజంగానే జబ్బు అయినా చేసి ఉండాలి. ఏదైనా సరే, సరిచేయకుండా అలా వదిలేస్తే ఆ రంగును జనం చూడడం మానేస్తారు.

కొన్నాక

ప్రతి రంగుకూ కాకపోయినా, ఎరుపు మాడ్యూల్ ఒకటి, హూటర్ ఒకటి స్టోరులో ఉంచండి. ఒకే షెడ్డులో ఒకే కంపెనీ, ఒకే సైజు ల్యాంపులు వాడితే ఈ స్పేర్లు అన్నిటికీ పనికొస్తాయి. కంపెనీ ఎంపికకు నా కొలమానం కూడా అదే: విడి మాడ్యూల్ కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో రెండు రోజుల్లో దొరుకుతుందా లేదా. గాజును తడిగుడ్డతో, తేలికపాటి సబ్బునీళ్లతో మాత్రమే తుడవండి, థిన్నర్, పెట్రోలు తగిలితే పాలికార్బొనేట్ చిట్లుతుంది. మిల్లులో పాలిషర్ దగ్గరి ల్యాంపులను వారానికోసారి, మిగతావాటిని నెలకోసారి తుడవడం, ల్యాంప్ టెస్ట్ బటన్‌ను ప్రతి షిఫ్టు మొదట్లో నొక్కడం లాగ్‌బుక్‌లో ఒక వరుసగా చేర్చండి. చెరువు మీది బ్యాటరీని, వానాకాలం మొదలయ్యేలోపు ఒకసారి, మెయిన్ దించి మళ్లీ పరీక్షించండి.